ఎనిమిది చుక్కలు

గీత ఒకటి, ఆ వెనకే చుక్కలు రెండు. ఇందులో అనుమానానికి చోటెక్కడుంది, తంతి భాషలో అది ‘డి’ అక్షరమే, నిద్రలో లేపి వినిపించినా డి అనే రాస్తాను, సరే, డి తర్వాత ఏమిటి, మిగతా మాట ఏది, అని చెవిగారి మనసు తిరిగిన చోటే తిరుగుతోంది.

గోడ అవతల గదిలో కంప్యూటర్ మళ్ళీ మోగింది. బీ…ప్. బిప్, బిప్.

ఎంత శుభ్రమైన చెయ్యి అనుకున్నారాయన, తన దిగులు తనకుండగానే. గీత ఎంత పొడుగుండాలో అంతే ఉంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం ఎంతుండాలో అంతే ఉంది. ఎవరో పాతకాలపు ఆపరేటరు ఆ సీపీయూ పెట్టెలో దూరి, కాలు మీద కాలేసుకుని తీరుబడిగా కొడుతున్నట్టుంది.

తంతి ఆఫీసులో ఆయన ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశారు. హాల్లో పది యంత్రాలు ఒక్కసారిగా టకటకలాడుతున్నా తన యంత్రం మాట తనకు విడిగా వినిపించేది. అటునుంచి కొడుతున్నది ఎవరో, అతనికి ఇవాళ జలుబు చేసిందో లేదో కూడా చెప్పగలడని తోటివాళ్ళు నవ్వేవారు. వాళ్ళే ఆయన అసలు పేరు పక్కకు నెట్టి ‘చెవిగారు’ అనడం మొదలుపెట్టారు. ఆఫీసు మూతపడింది. యంత్రాలు తుక్కులోకి పోయాయి. పేరు మాత్రం ఆయన వెంట ఇంటికొచ్చి ఉండిపోయింది. కోపమొస్తే భార్య కూడా ఆ పేరుతోనే పిలుస్తుంది.

పొద్దున్న తొమ్మిదింటికి కోడలు కంప్యూటర్ మీట నొక్కగానే ఆ మోత విని, అందరికంటే ముందు తీర్పు చెప్పింది ఆయనే.

“డి అంటోందమ్మా. డి అంటే డిస్కు. నీ డిస్కు పోయింది.”

అలా చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక హుందాతనం వచ్చి కూర్చుంది. నలుగురికీ అందనిది తనకు అందినప్పుడు వచ్చే గొంతు అది. దాన్ని తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి. ఎందుకంటే, ఆ మాటతో కోడలి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేకుండా పోయింది.

ఒంటిగంట కావస్తోంది. గదిలోంచి మాటలు వరండాలోకి వస్తూనే ఉన్నాయి.

“కరెంటు వైరు చూశాం. మానిటర్ వైరు ఊడదీసి మళ్ళీ బిగించాం. వేరే ప్లగ్గులో పెట్టాం. కీబోర్డు, మౌస్, ప్రింటరు అన్నీ పీకేసి చూశాం,” అంటున్నాడు అబ్బాయి. బళ్ళో లెక్కలు చెబుతాడు. ఇంట్లోనూ మెట్టు మెట్టుకీ లెక్క చూపిస్తాడు. “ఫ్యాను తిరుగుతోంది. దీపం వెలుగుతోంది. తెర మాత్రం నల్లగానే ఉంది. ఇంకేం చూడమంటావ్?”

“నీ పెన్‌డ్రైవు చూడు,” అంది కోడలు.

“దానికేం?”

“శుక్రవారం మార్కుల జాబితా ప్రింటు తీసుకుంటానని తెచ్చి గుచ్చావు. బళ్ళో ఇరవై కంప్యూటర్లు తిరిగొచ్చింది అది. వద్దన్నాను. ఒక్క నిమిషం అన్నావు.”

“వైరస్సైతే మొదలయ్యాక ఏడిపిస్తుంది. ఇది మొదలే కావట్లేదు కదా. కాస్త తర్కంగా ఆలోచించు.”

“తర్కం! నీ పనికి ఒక్క నిమిషం, నా పనికి తర్కం. బాగుంది పంపకం.”

తర్వాత ఏమీ వినిపించలేదు.

చెవిగారికి నిశ్శబ్దాలు కూడా వినిపిస్తాయి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఉండే ఖాళీ ఒకటి, మాటకీ మాటకీ మధ్య ఉండేది ఇంకొకటి. ఇది ఆ రెండూ కాదు. కబురు మొత్తం అయిపోయాక లైను మీద వచ్చే ఖాళీ. పదకొండేళ్ళ కాపురంలో ఆ గదిలోంచి ఆయన దాన్ని వినడం ఇదే మొదలు.

నిజానికి పెన్‌డ్రైవుకీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఈ ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కరే. ఆ మనిషి వరండాలో కుర్చీ అంచున కూర్చుని, మోకాలి మీద చూపుడువేలితో గీత, చుక్క, చుక్క కొట్టుకుంటున్నారు.

*

నిన్న మధ్యాహ్నం జరిగింది అది.

ఆఫీసు కోసం ఇంటినుంచే కట్టడాల పటాలు గీసే కోడలు, కొత్త వంతెన కట్టబోయే చోటు కొలతలు మరోసారి చూసుకోవడానికి రెండ్రోజులు ఊరెళ్ళింది. రైలు పట్టాల అవతల ఉన్న ఆసుపత్రికి నడిచి వెళ్ళడానికి ఒక వంతెన. ఆఫీసులో మిగతా అందరూ మెట్లు గీశారు. కోడలు ఒక్కతే మెట్లతో పాటు వాలు దారి కూడా గీసింది, మంచం మీద ఉన్న మనిషిని కూడా తోసుకుంటూ దాటించేలా. మొత్తం తొమ్మిది పటాలు. తొమ్మిదోది నడిచేవాళ్ళు పట్టుకునే చేతిపట్టె. వంతెన పొడుగునా రెండు పట్టెలు: ఒకటి మామూలు ఎత్తులో, రెండోది దానికింద, పొట్టివాళ్ళకీ పిల్లలకీ. ఆ రెండో పట్టె ఎత్తు కోసం కోడలు ఒక సాయంత్రం అత్తగారిని నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమని, నేల నుంచి అరచేతి దాకా టేపుతో కొలిచింది. “నా చెయ్యి కొలిచి వంతెన కడుతున్నారు,” అని ఆవిడ వారం రోజులు వీధి వీధంతా చెప్పింది.

పటానికి కింది మూలన చిన్న చిన్న గళ్ళుంటాయి. ‘గీసినవారు’ అని ఒకటి, ‘రూపొందించినవారు’ అని ఒకటి, ‘సరిచూసినవారు’ అని ఒకటి. పదకొండేళ్ళుగా కోడలి పొడి అక్షరాలు మొదటి గడిలోనే ఉండేవి. రెండో గడిలో ఎప్పుడూ ఇంకెవరివో. ఈసారి రెండు గళ్ళలోనూ తనవే. ఆ విషయం చెవిగారు సెలూన్లో చెప్పారు, లైబ్రరీలో చెప్పారు, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పారు. “మా కోడలు గీసేది కాదండీ, రూపొందించేది,” అని రెండో మాటను నొక్కి మరీ.

ఆఫీసులో పెద్ద కబుర్లు వచ్చే రోజున, ఆపరేటర్లు ముందురోజే యంత్రాన్ని విప్పి తుడిచి పెట్టుకునేవారు. అది ఎవరూ రాయని నియమం. కోడలి పేరు ఎక్కబోయే యంత్రం దుమ్ముతో ఉండకూడదని చెవిగారికి అనిపించింది. పెట్టె పక్క మూత స్క్రూలు రెండు విప్పారు. లోపల ఫ్యాను రెక్కల మీద దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దానికి తగిన కుంచె ఇంట్లో వెదికితే గడ్డం గీసుకునేటప్పుడు నురగ రాసుకునే బ్రష్షు దొరికింది. మెత్తనిది, మంచిది. దాంతో పావుగంట సేపు, పసిపిల్ల చెవులు తుడిచినంత జాగ్రత్తగా తుడిచారు.

ఒకచోట బ్రష్షు పిడి దేనికో తగిలింది. ‘టక్’ అని చిన్న చప్పుడైంది.

విన్నారు. ఆయన వినకుండా ఉంటారా? కానీ అప్పుడే వీధి గేటు కిర్రుమంది, భార్య వస్తోంది. గబగబా మూత బిగించేశారు. తుడిచాక ఒకసారి మీట నొక్కి చూసుకోవాలన్నది కూడా ఆ రాయని నియమంలో సగం. ఆ సగం నిన్న ఎగిరిపోయింది.

*

భార్య వరండాలోకి వచ్చి బఠాణీల చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు కాయలు ఒలిచింది. తర్వాత కొంగు ముడి విప్పి, గడ్డం బ్రష్షు తీసి, ఆయన టీ కప్పు పక్కన నిలబెట్టింది.

బ్రష్షు మొదట్లో, కడిగినా వదలని బూడిదరంగు పీచు.

చెవిగారు దాన్ని చూశారు. వీధిలోకి చూశారు. మళ్ళీ దాన్ని చూశారు.

“నేనేం అడగను,” అంది ఆవిడ కాయ ఒలుస్తూ. “అడిగితే మీరు అబద్ధం చెప్పాలి. చెబితే నేను నమ్మినట్టు ఉండాలి. ఈ వయసులో ఇద్దరికీ ఎందుకా శ్రమ?”

“దుమ్ము,” అన్నారు ఆయన. “అంతా దుమ్మే. తుడిచానంతే.”

“తంతివాళ్ళ చెయ్యి పడితే తంతుందని మా నాన్న పెళ్ళినాడే అన్నాడు. నేనే వినలేదు.”

“మీ నాన్న నా గురించి అనలేదు. మా ఆఫీసు గురించి అన్నాడు.”

“రెండూ ఒకటేగా మీకు.” ఆవిడ గింజలు చేటలో రాల్చింది. “లోపల వాళ్ళిద్దరూ అన్నం తినలేదు. వాడు ఒక గోడకి తిరిగి కూర్చున్నాడు, అది ఒక గోడకి. మధ్యలో ఆ పెట్టె కూతలు. చెవిగారికి అన్నీ వినబడతాయి కదా. ఇది వినబడ్డం లేదూ?”

చేట నిండా పచ్చగా గింజలు దొర్లుతున్నాయి. ఒక్కొక్క గింజా ఒక్కొక్క చుక్క, అనిపించింది ఆయనకు. గీతలు ఒక్కటీ లేవు.

*

మూడోసారి ప్రయత్నిస్తే పెట్టెల డాక్టరు ఫోనెత్తాడు. కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఈ ఇంట్లో ఆ పేరే. అబ్బాయి ఫోను బల్లమీద పెట్టి, అందరికీ వినిపించేలా మీట నొక్కాడు. చెవిగారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. గది లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

“ఏమైనా మోగుతోందా సార్, ఆన్ చేస్తే?”

“మోగుతోందండీ. మూడుసార్లు మోగి ఆగుతోంది,” అన్నాడు అబ్బాయి.

“మూడా? అయితే ర్యామ్ కావచ్చు...”

“మూడు కాదు!” చెవిగారు గుమ్మం దాటారు. ముప్పై ఎనిమిదేళ్ళ చదువు మూడు అనే అంకెలో కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు. “ఒకటి పొడుగు. రెండు పొట్టి. పొడుగుదాని తర్వాత ఊపిరి తీసుకున్నంత ఎడం.”

ఫోనులో డాక్టరు గొంతు మారింది.

“ఎవరండీ అది? ఇంత బాగా ఎవరూ చెప్పరు. అందరూ కుయ్యిమంటోంది, కయ్యిమంటోంది అంటారు.”

“మా మామయ్యగారు,” అంది కోడలు. పొద్దుటినుంచి ఆమె గొంతులో లేని వెలుతురు ఆ రెండు మాటల్లో వచ్చింది. “టెలిగ్రాఫ్ మాస్టరు.”

“అదీ సంగతి. చూడండమ్మా, ఒక పొడుగు రెండు పొట్టి అంటే తెర తాలూకు తప్పు. డిస్కు పోతే ఈ మోత రానే రాదు. మీ డిస్కు భద్రంగా ఉంది.”

కోడలు కుర్చీలో కూర్చోబోయి, కుర్చీ సరిగ్గా ఎక్కడుందో చూసుకోక నేలమీదే కూర్చుండిపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. తొమ్మిది పటాలూ ఉన్నాయి. అబ్బాయి ఆమె వైపు చెయ్యి చాచి, మధ్యలో ఆపేశాడు.

డిస్కు కాదు. డిస్‌ప్లే. ఆ మాటకీ మొదటి అక్షరం డి యే. చెవిగారు సరిగ్గానే విన్నారు, తప్పుగా పూరించారు.

“అయితే ఇప్పుడేం చెయ్యాలి?” అంది కోడలు కింద నుంచే.

“పెట్టెలో గ్రాఫిక్స్ కార్డని ఒకటుంటుంది, నిలువు పలకలా. తెరకి బొమ్మ పంపేది అదే. అదైనా కదిలిపోయి ఉండాలి, లేదా కాలిపోయి ఉండాలి. కదిలితే బొటనవేలితో నొక్కితే చాలు, ఒక్క నిమిషం పని. ఈమధ్య ఎవరన్నా మూత విప్పారా?”

గదిలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

“నేను వైర్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు,” అన్నాడు అబ్బాయి.

“నేను నిన్నటిదాకా ఊళ్ళోనే లేను,” అంది కోడలు.

“ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరన్నా?”

కోడలు ఫోనుకేసి నవ్వింది. “మా మామయ్యా? నన్నడక్కుండా నా బల్లమీద పెన్సిల్ కూడా ముట్టుకోరండీ ఆయన.”

చెవిగారు నోరు తెరవలేదు. నేను లేదని అనలేదు కదా, అని తనకు తాను చెప్పుకున్నారు. ఆ మాట నమ్మశక్యంగా లేదని కూడా తనకు తానే చెప్పుకున్నారు.

“విప్పకపోతే దానంతటది కదలదమ్మా. కాలిపోయినట్టే. మీ పెట్టె పాతది, తెరని వేరే చోట తగిలించే వీలు లేదు. నేను వేరే ఊళ్ళో ఉన్నా. రేపు సాయంత్రం కొత్త కార్డు పట్టుకొస్తా. ఈలోగా తెలియనివాళ్ళు కెలక్కండి, ఉన్నది కూడా పోతుంది.”

“డిస్కు తీసి వేరేదానికి తగిలిస్తే?” అన్నాడు అబ్బాయి.

“పటాలు కనబడతాయి. గీయడానికి మీ ప్రోగ్రాం అందులో ఉండాలిగా?”

ఆ ప్రోగ్రాం ఉన్న రెండో కంప్యూటర్ ఆఫీసులో ఉంది. రెండు బస్సులు మారి మూడు గంటలు వెళ్ళాలి. తొమ్మిదో పటం ఇంకా రెండు గంటల పని. అన్నీ అయిదింటికల్లా పంపాలి.

ఫోను ఆగిపోయింది.

“గడువడుగు,” అన్నాడు అబ్బాయి మెల్లగా. “ఒక్క రోజే కదా.”

“అడగను.”

“ఎందుకడగవు? నిజంగానే పాడైంది కదా?”

“పక్క సీటాయన కారు పాడైందన్నా గడువే, కాలు నొప్పన్నా గడువే. నేను అడిగితే మాత్రం, ఇంట్లోంచి చేసే పని ఇలాగే ఉంటుంది అంటారు. పదకొండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను. మొదటిసారి నా పేరు రాసుకున్న పటానికే అడగాలా?” ఆమె లేచి నిలబడింది. “మూడింటికి పెద్దింజనీరుకి ఫోను చేస్తానన్నాను. చేస్తాను. మెట్ల నమూనానే తీసుకోమంటాను.”

“సరే, తప్పు నాదే అనుకో. నా పెన్‌డ్రైవు వల్లే అనుకో...”

“అనుకోవడం ఏమిటి? నీదైతే నీదను. కాకపోతే కాదను. అరువు తప్పులు నాకొద్దు.”

“నీ కోపం తగ్గుతుందని అన్నాను.”

“నా కోపం సంగతి నేను చూసుకుంటా. కాసేపు అందరూ బయటికెళ్ళండి. ఎవరూ లోపలికి రావద్దు.”

అబ్బాయి వచ్చాడు. తండ్రిని దాటుకుంటూ, తలెత్తకుండా, “దాని పేరు రావాలని నాకు మాత్రం లేదా నాన్నా?” అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

తలుపు పడింది. గట్టిగా కాదు. గట్టిగా పడినా బాగుండేది.

*

లైను మధ్యలో ఎక్కడో తెగితే పొడుగంతా వెతకరు. సగం దూరంలో ఉన్న ఆఫీసును పిలుస్తారు. పలికిందా, ఈ సగం బాగున్నట్టు; తప్పు అవతలి సగంలో. మళ్ళీ దాంట్లో సగాన్ని పిలుస్తారు. నాలుగు పిలుపుల్లో తప్పు ఏ స్తంభం దగ్గరుందో తేలిపోతుంది.

చెవిగారు హాల్లో నిలబడి ఇంటిని సగం చేశారు. ఒక సగంలో కొడుకూ కోడలూ. వాళ్ళు పలికారు, ఉన్నదున్నట్టు పలికారు. రెండో సగంలో తనూ భార్యా. ఆవిడ బ్రష్షు తెచ్చి ముందు పెట్టింది, అంతకంటే ఏం పలకాలి? మిగిలింది ఒక్క మనిషి. ఆ మనిషినీ సగం చేశారు. చెయ్యి బాగుంది. చెవి బాగుంది. నోటి దగ్గర తెగింది.

ఎందుకు తెగింది? కోడలు కోప్పడుతుందని కాదు. కోప్పడితే కాసేపట్లో పోయేది. కోప్పడదు. “పర్లేదు మామయ్యా,” అంటుంది. రేపటినుంచి ఎంతో మర్యాదగా, ఆయన చేతికందని చోట అన్నీ సర్దుతుంది. ముట్టుకోనివ్వకూడని పెద్దవాళ్ళ జాబితాలో ఒక పేరు చేరుతుంది. ఒక్క కార్డు కాదు కదిలింది. కదిలిందని చెబితే ముప్పై ఎనిమిదేళ్ళూ తమ గాడిలోంచి కదిలిపోతాయి.

ఆ ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క మచ్చా లేదా?

అది ఆయనే అడిగారా, ఇంకెవరైనా అడిగారా? ఒక వానాకాలం. లైను మీద గరగర. ఒకావిడ రైలు దిగే రోజు పేరు ‘ఎస్’ అక్షరం దాకా వచ్చి గరగరలో కలిసిపోయింది, సాటర్‌డేనో సండేనో. మళ్ళీ కొట్టమని అడగాలి. అడగలేదు. చెవిగారు మళ్ళీ కొట్టమన్నాడట అని అవతలి ఆఫీసులో నవ్వుకుంటారని అడగలేదు. ఆదివారం అని పూరించి పంపేశారు. ఆవిడ శనివారమే దిగింది. ఒక ముసలామె, ట్రంకుపెట్టె మీద కూర్చుని, పగలంతా ప్లాట్‌ఫారం మీద ఎదురుచూసిందని తర్వాత ఎవరో చెప్పుకుంటుంటే విన్నారు. విని, చేతిలో ఉన్న కబురు రాయడం ఆపలేదు.

వచ్చిందే రాయాలి, రానిది పూరించకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆయన మొదటిరోజు చెప్పే పాఠం అదే. పొద్దున్న డి తర్వాత డిస్కు అని పూరించింది ఆ చెయ్యే. ఇందాక నోరు మూసుకున్నదీ ఆ మనిషే.

హాల్లో గడియారం మూడుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, ఆ ఇంట్లో ఎవరూ అడగనిది అడిగింది. “నాకు కూడా నేర్పండి మామయ్యా, టకటకలు.” కరెంటు పోయిన సాయంత్రాల్లో భోజనాల బల్ల మీద చెంచాతో నేర్పారు. పదకొండు అక్షరాలు వచ్చాయి, తర్వాత ఓపిక అయిపోయింది. అక్షరాలతో పాటు ఒక గుర్తు కూడా నేర్చుకుంది. ఆగకుండా ఎనిమిది చుక్కలు. అంటే, నేను పంపింది తప్పు, దాన్ని కొట్టేయండి, సరైనది పంపుతున్నాను.

“మీరెన్నిసార్లు కొట్టారు ఇది?”

“ఒక్కసారి కూడా కొట్టలేదు,” అన్నారాయన గర్వంగా.

“తప్పు చెయ్యలేదా మామయ్యా, తప్పని చెప్పలేదా?”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. ఆ తర్వాత కూరలో ఉప్పు ఎక్కువైనా, పాలు పొంగినా కోడలు గరిటెతో గిన్నె అంచు మీద ఎనిమిది కొట్టేది. ఇల్లంతా అది మామూలైపోయింది. అబ్బాయి కొట్టాడు, భార్య కూడా ఒకటి రెండుసార్లు తప్పు లెక్కతో కొట్టింది. కొట్టని మనిషి ఈ ఇంట్లో ఒక్కరే.

భార్య వరండాలోంచి వచ్చి గోడవారగా నిలబడింది. చేతిలో చేట ఖాళీగా ఉంది.

చెవిగారు మూసిన తలుపు దగ్గరికి నడిచారు. లోపలికి ఎవరూ రావద్దంది. పిలవడానికి నోరు రావడం లేదు. తలుపు అవతల, కార్డు గాడిలోంచి వెంట్రుకవాసి లేచి ఉంటుంది, ఒక్క బొటనవేలు చాలు. అది తెలియాలంటే ముందు ఆమెకు ఇంకొకటి తెలియాలి.

లోపల ఫోను మీద అంకెలు నొక్కుతున్న చప్పుడు. ఒకటి. రెండు. ఒక్కో అంకెకీ ఒక్కో స్వరం. మూడు. ఆమె తొందరపడటం లేదు. గడువు అడగని మనిషి నొక్కే తీరు అది, తలెత్తుకుని, ఒక్కొక్కటిగా. నా కోడలు, అనుకున్నారాయన, ఇంత ఇరుకులో కూడా ఆ మాట లోపల నిటారుగా నిలబడింది. నాలుగు. ఆమె గీసిన పట్టె మీద చెయ్యేసి రేపు ఎవరెవరో దాటాలి. అయిదు.

చెవిగారు చూపుడువేలు మడిచారు. కణుపును తలుపు చెక్కకు ఆనించారు.

మొదటిది కొంచెం మెత్తగా పడింది. రెండోది చెయ్యి తనను తాను గుర్తుపట్టినట్టు పడింది. మూడు, నాలుగు, అయిదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ కొట్టని గుర్తు, నిన్ననే కొట్టి ఆపినంత సాఫీగా వస్తోంది. ఆరు.

లోపల ఆరో అంకె మోగలేదు.

అక్కడితో ఆపితే సరిపోయేది, ఆమెకు అందింది. కానీ సగంలో ఆపిన దిద్దుబాటు దిద్దుబాటు కాదు. ఎడం తప్పలేదు.

ఏడు.

ఎనిమిది.